యజమాని సరేనంటే సరిపోదు

అమెరికాలో బాతుల వేటకు పొలం యజమాని ఒప్పుకుంటే చాలని ఒక వ్యాసంలో రాశారు. అది సగం నిజమే. అనుమతి వల్ల అక్రమ ప్రవేశం కేసు తప్పుతుంది కానీ వలస పక్షులపై ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) చట్టం సొంత భూమికీ వర్తిస్తుంది. 1918 నాటి చట్టం అది. 16 ఏళ్లు నిండితే 25 డాలర్ల డక్ స్టాంప్ (బాతుల వేటకు కొనాల్సిన ఫెడరల్ స్టాంప్) ఉండాలి, రాష్ట్ర నిబంధనల ప్రకారం లైసెన్స్ కూడా ఉండాలి. తుపాకీలో మూడు తూటాలకు మించి పట్టకూడదు, సీసం గుళ్లు వాడకూడదు.

అసలు చిక్కు మేత దగ్గర వస్తుంది. కోత అయ్యాక పొలంలో సహజంగా రాలిన గింజల మీద వాలిన బాతుల్ని వేటాడొచ్చు. అదే మొక్కజొన్నను కోయకుండా, పక్షుల కోసమే యంత్రంతో నేలమట్టం చేస్తే అది చట్టం నిషేధించిన ఎర కిందకే వస్తుంది. ఆ గింజలన్నీ పూర్తిగా తీసేశాక కూడా పది రోజులు అక్కడ వేట నిషేధం. ‘గింజలు చల్లింది యజమాని, నాకేం తెలుసు’ అంటే కుదరదు. కాస్త చూసుకుంటే తెలిసేదే అనిపిస్తే వేటగాడూ దోషే. అందుకే తెల్లవారకముందే వెళ్లి కూర్చునేవాళ్లు ముందురోజు పగలే పొలం చుట్టి రావడం మేలు.

ఇంకోటి, కొట్టిన బాతు కంచె దాటి పక్కవాళ్ల పొలంలో పడితే? దాన్ని వెతికి తీసుకునేందుకు తగిన ప్రయత్నం చేయాలని ఫెడరల్ నిబంధన చెబుతుంది, కానీ పక్క పొలంలోకి వెళ్లే హక్కు మాత్రం ఇవ్వదు! అక్కడ రాష్ట్రానికో పద్ధతి. టెన్షన్ లేకుండా ఉండాలంటే పక్క పొలంవాళ్లతో కూడా ముందే మాట్లాడుకోవాలి. వ్యాసంలో ఈ ముక్క చేరిస్తే బాగుండేది.