పసుపు కారు చేసిన పాపం

ఈ వ్యాసం ఉద్దేశం ఒక పసుపు కారును తీవ్రంగా ఖండించడం. కారు పేరు వాక్సాల్ కోర్సా. నేరం, యజమాని ఇంటి దగ్గర ఆగి ఉండటం.

ఊరు బైబరీ. ఇంగ్లండ్‌లో గ్లాస్టర్‌షైర్, కాట్స్‌వోల్డ్స్ కొండల మధ్య, కోల్న్ అనే చిన్న యేటి పక్కన. జనం ఆరేడు వందలు. ఫోటోలు తీసుకునేవాళ్లకు మాత్రం లెక్క లేదు. వాళ్లంతా వచ్చేది ఆర్లింగ్టన్ రో అనే ఇళ్ల వరుస కోసం: తేనెరంగు రాతి గోడలు, నిట్టనిలువు కప్పులు, పొట్టి గుమ్మాలు. ఇంగ్లండ్‌లోకెల్లా అందమైన పల్లె ఇదేనని 19వ శతాబ్దంలోనే కవి, డిజైనర్ విలియం మోరిస్ కితాబిచ్చాడు. బ్రిటిష్ పాస్‌పోర్టులోనూ ఈ ఇళ్ల బొమ్మ వేశారు.

ఇంత పవిత్రమైన దృశ్యంలోకి ఒక పెద్దాయన పసుపు కారు చొరబడింది. ఫోటో పాడైపోతోందని 2015లో గోల మొదలైంది. ఆయన ఆ ఊళ్లో కాపురం ఉంటున్నాడన్న చిన్న లోపాన్ని ఎవరూ పట్టించుకోలేదు. 2017లో ఎవరో అద్దాలు పగలగొట్టి, బానెట్ మీద 'తీసెయ్' అని ఇంగ్లీషులో గీకి పోయారు. మనం కొత్త కారుకు పసుపు రాసి, నిమ్మకాయలు తొక్కించి మరీ రోడ్డెక్కిస్తాం. అక్కడ పసుపే అరిష్టం. ఆ ఏప్రిల్ ఒకటిన పసుపు కార్లవాళ్లు తిరునాళ్లకు వచ్చినట్టు వరస కట్టి ఊళ్లోకి వచ్చారు, ఆయనకు మద్దతుగా. ఫోటోగ్రాఫర్ల పరిస్థితి ఊహించుకుంటేనే కడుపు తరుక్కుపోతుంది.

హెన్రీ ఫోర్డ్ ఈ వరుసను మొత్తంగా కొని మిషిగన్‌కు పట్టుకుపోదామనుకున్నాడని చెప్పుకుంటారు. కుదరలేదు. దగ్గర్లోని చెడ్‌వర్త్ నుంచి ఒక ఇంటిని మాత్రం విప్పించి, రాయి రాయీ ఓడెక్కించి తీసుకుపోయాడు. కార్లు చేసేవాడికి ఆ ఇళ్లు ముద్దొచ్చాయి. ఆ ఇళ్ల ముందు మాత్రం కారు పనికిరాదు.

మనవాళ్ల గురించి చెప్పకపోతే అన్యాయం. లండన్ తెలుగు కుటుంబాలకూ ఇది శనివారం మజిలీయే. పులిహోర డబ్బా, సెల్ఫీ కర్ర, 'బావా, కొంచెం పక్కకు జరుగు, ఆ ముసలాయన పడుతున్నాడు ఫ్రేములో.' ఆ ముసలాయన తన ఇంటి తలుపు తాళం తీసుకుంటున్నాడు పాపం.

నా ప్రతిపాదన సూటిగా చెప్తాను. ఊరికి, జనానికి మధ్య ఈ గొడవ తెగాలంటే అక్కడ కాపురముండే జనాన్ని పంపించెయ్యాలి. రాత్రిపూట కిటికీల్లో దీపాలు పెట్టే పనికి ఇద్దరు ఉద్యోగులు చాలు. పొగగొట్టంలోంచి పొగ రావాలంటే ఇంకొకరు. పిల్లి అద్దెకు దొరుకుతుంది.

చరిత్ర అడ్డం వస్తుందంటారా? 1380 ప్రాంతంలో ఇవి ఇళ్లే కావు, మఠంవాళ్ల ఉన్ని గిడ్డంగి. 17వ శతాబ్దంలో నేతగాళ్లకు ఇళ్లుగా మార్చారు. నేసిన గుడ్డను ఆర్లింగ్టన్ మిల్లుకు పంపి, తడిపి, దట్టంగా కొట్టించి, తెచ్చి ఎదుటి గడ్డిమైదానంలో కొయ్య చట్రాల మీద ఆరేసేవారు. అందుకే ఆ మైదానానికి ర్యాక్ ఐల్ అని పేరు. అంటే తడిగుడ్డలు ఆరేసుకుని బతికిన ఊరు. ఇప్పుడు అక్కడ ఎవరైనా ఒక్క బనీను ఆరేస్తే, పసుపుది కాకపోయినా సరే, ఏమవుతుందో చూడాలని నాకు మహా కోరికగా ఉంది.