లాయర్ ఎవరని అడగడానికి మీరెవరు?

కుటుంబ కోర్టులో లాయరును పెట్టుకోవడం ఎవరికీ హక్కు కాదని 1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టం 13వ సెక్షన్ చెబుతోంది. ఎవరి గోడు వాళ్లే చెప్పుకోవాలి. అవసరమనిపిస్తే కోర్టే అమికస్ క్యూరీ (కోర్టుకు సలహా ఇచ్చే న్యాయ నిపుణుడు) సాయం తీసుకోవచ్చు. పార్లమెంటు చేసిన ఆ చట్టాన్ని నమ్మి సొంతంగా కాగితాలు రాసుకుని వెళ్లిన మనిషికి బెంగళూరు కోర్టు కౌంటర్ దగ్గర ఎదురవుతున్న మొదటి ప్రశ్న మాత్రం ఇది: "నిమ్మ లాయర్ యారు?" (మీ లాయర్ ఎవరు?)

బెంగళూరు బొమ్మనహళ్లిలో గార్మెంట్స్ పనికి వెళ్లే పాఠకురాలు ఒకామె ఈ వారం మాకు ఉత్తరం రాశారు. సొంతూరు మదనపల్లె వైపు. తనకూ బిడ్డకూ మనోవర్తి ఇప్పించమని తానే పిటిషన్ రాసుకున్నారు. ఏ కోర్టు అన్నది ఇక్కడ అనవసరం. కాగితాలు వెనక్కి వచ్చాయి. మార్జిన్‌లో పెన్సిల్‌తో, కన్నడంలో, గొలుసుకట్టుగా గీకిన అబ్జెక్షన్లు: ఇండెక్స్ లేదు, పేజీ నంబర్లు లేవు, వెరిఫికేషన్ (రాసిందంతా నిజమన్న ధ్రువీకరణ) సరిగా లేదు. ఆమె కన్నడం గడగడా మాట్లాడతారు, బస్సు బోర్డులు చదువుతారు. ఆ రాత మాత్రం కొరుకుడు పడలేదు. బయట టైపింగ్ షాపులో డబ్బులిచ్చి చదివించుకుంటే, "మా సార్ ఉన్నారు, ఓసారి కలవండి" అని విజిటింగ్ కార్డు చేతిలో పెట్టారట. సరిచేసి తీసుకెళ్తే ఈసారి కొత్త అబ్జెక్షన్. మొదటిసారే అన్నీ ఎందుకు చెప్పలేదంటే జవాబు లేదు. వెళ్లిన ప్రతిసారీ ఒక రోజు జీతం కోత.

మరి అవతలి పక్షం? భర్త తరఫున లాయరు వచ్చారు. ఆయన వాదించాలంటే కోర్టు అనుమతి కావాలన్న సంగతి అప్పుడు ఎవరికీ గుర్తుకు రాలేదు. ఒక మెమోతో (కోర్టుకిచ్చే చిన్న కాగితంతో) పని అయిపోయింది. మేం తప్పుపడుతున్నది ఈ రెండు నాల్కల ధోరణినే. చట్టం అక్కర్లేదన్న లాయరుకు దారి సుగమం, చట్టం రమ్మన్న మనిషికి అడుగడుగునా అబ్జెక్షన్.

లాయర్లు లేకపోతే వాదనలు దారితప్పుతాయని, కోర్టు సమయం వృథా అవుతుందని న్యాయవాదులు అంటారు. కొంత నిజమే. అది తెలిసే కదా చట్టం ఈ కోర్టులకు అంత వెసులుబాటు ఇచ్చింది! ముందు రాజీకి ప్రయత్నించమంది. విచారణ పద్ధతిని సొంతంగా రూపొందించుకోవచ్చంది. సాక్ష్యాధార చట్టం ఒప్పుకోని పత్రాన్నయినా ఉపయోగపడుతుందనుకుంటే 14వ సెక్షన్ కింద స్వీకరించవచ్చంది. కుటుంబ తగాదాలను మామూలు సివిల్ దావాల్లా నడపకూడదని లా కమిషన్ 59వ నివేదిక 1974లోనే చెప్పింది. పేజీ నంబరు లేదని తిప్పి పంపమని వీటిలో ఎక్కడుంది?

2020లో రజ్నేష్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు మంచి తీర్పే ఇచ్చింది. భార్యాభర్తలిద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయం అఫిడవిట్‌లో చూపాలంది. జీతం దాచిపెట్టే భర్తల ఆట కట్టించడానికి అది కావాల్సిందే. కానీ షేర్లు, మ్యూచువల్ ఫండ్ల గడులున్న ఆ పత్రాన్ని కుట్టుమిషను మీద బతికే మనిషి చేతికిచ్చి, ఎలా నింపాలో చెప్పే నాథుడు లేకపోతే ఎలా? కేసు తేలేదాకా ఇచ్చే మధ్యంతర మనోవర్తిని నోటీసు అందిన 60 రోజుల్లో వీలైనంతవరకు తేల్చాలంటున్నారు. పిటిషన్‌కు నంబరే పడకపోతే ఆ 60 రోజులు మొదలయ్యేదెప్పుడు?

లీగల్ ఎయిడ్ ఉంది కదా అంటారు. ఉంది. 1987 నాటి చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయవచ్చు. హెచ్.సిద్దయ్య రోడ్డులోని న్యాయ దేగుల భవనంలోనే కర్ణాటక రాష్ట్ర న్యాయ సేవల ప్రాధికార సంస్థ కార్యాలయం ఉంది. కావాలనుకున్నవాళ్లు తప్పకుండా వాడుకోవాలి. అయితే ఆమెను అన్నిసార్లు తిప్పినవాళ్లలో ఒక్కరైనా ఈ ముక్క చెప్పలేదు! పైగా ఉచిత లాయరు ఉన్నాడు కాబట్టి లాయరు లేకుండా రావద్దనే అధికారం ఎవరికీ రాదు.

ఇవాళ ఒక గుమాస్తా 13వ సెక్షన్‌ను పక్కన పెడితే చూసీచూడనట్టు ఊరుకున్నాం. రేపు మరొకరు ఇంకో సెక్షన్‌ను పక్కన పెడతారు. నియమాలు చేసే అధికారం హైకోర్టుకుంది. సొంతంగా వచ్చేవాళ్లకు వేరే కౌంటర్, అబ్జెక్షన్లన్నీ ఒకేసారి చదవగలిగేలా టైపు చేసి ఇవ్వడం, నింపిన నమూనా అఫిడవిట్ ఒకటి కన్నడంలో, తెలుగులో, తమిళంలో, ఉర్దూలో గోడకు అంటించడం. వీటికి కోట్లు అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు. అదీ చేతకాదంటే నలభై ఏళ్లుగా ఈ సెక్షన్ ఎవరికోసం ఉంచుకున్నారో చెప్పండి. లేదంటే దాన్ని రద్దు చేయమని ఢిల్లీకి ఉత్తరం రాయండి, జనం కనీసం కూలి చెడగొట్టుకుని మీ గుమ్మం తొక్కరు.