కాకుల్ని కూడా లెక్కపెట్టండి బాబూ

మొన్న లోయలో చలికాలం పక్షుల లెక్క ముగించుకుని వస్తుంటే ఎదురైన ప్రతివాళ్లదీ ఒకటే ప్రశ్న: "స్పెషల్ ఏమైనా కనబడిందా?" 43 కాకులు కనబడ్డాయన్నాను. నవ్వారు. నేనేం జోక్ వెయ్యలేదు.

లెక్క అంటే అరుదైన పిట్ట కోసం వేట అయిపోయింది. ఒకడు స్పీకర్ తెస్తాడు. పొదలో ఉన్న పిట్టకి దాని కూతే వినిపిస్తాడు. తన జాగాలోకి ఇంకో మగపిట్ట చొరబడిందనుకుని అది తిండి మానేసి కొమ్మ కొమ్మకీ ఎగురుతుంది. ఫోటో వచ్చేస్తుంది, అందరూ వెళ్లిపోతారు. వాళ్ల జాబితాలో పికిలిపిట్టల దగ్గర మాత్రం 'చాలా' అని ఉంటుంది. చాలా అంటే ఎనిమిదా, ఎనభయ్యా? ఈ ఏడాది 'చాలా'లోంచి వచ్చే ఏడాది 'చాలా' తీసేస్తే ఎంత మిగులుతుంది నాయనా?

అమెరికాలో ఒకప్పుడు క్రిస్మస్ పూట ఎవరు ఎక్కువ పిట్టల్ని కొడతారని పందేలు వేసుకునేవారు. కాల్చడం మాని లెక్కపెడదామని పక్షి శాస్త్రవేత్త ఫ్రాంక్ చాప్‌మన్ అంటే, 1900లో 27 మంది ఆ పని మొదలుపెట్టారు. తుపాకులు పోయాయి గానీ పందెం బుద్ధి కెమెరాల్లో దూరింది.

1970 తర్వాత ఉత్తర అమెరికాలో దాదాపు 290 కోట్ల పక్షులు తగ్గిపోయాయని 2019లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. అందులో 90 శాతానికి పైగా 12 కుటుంబాలవే, పిచ్చుకల్లాంటి చిన్నా చితకా పిట్టలే ఎక్కువ. రోజూ కళ్ల ముందు తిరిగేవి. వాటిని విసుక్కోకుండా ఏళ్ల తరబడి రాసినవాళ్లు ఉండబట్టే ఆ సంగతి తెలిసింది.

పైగా లోయలో లెక్క మైదానంలో లెక్క లాంటిది కాదు. పొద్దున్నే ఒక వాలు మీద ఎండ పడుతుంది, రెండోది ఇంకా నీడలోనే ఉంటుంది. చలికి పిట్టలన్నీ ఎండ వైపు చేరతాయి. ఎండ అవతలికి పాకేసరికి అవీ పాకుతాయి. ఒక ఏడాది నేను ఇటు వాలు చూసుకుని, వంతెన దాటి అటు వాలు చూసి, పికిలిపిట్టలు 62 అని గొప్పగా రాశాను. తీరా చూస్తే రెండో గుంపులో తోక ఊడిన పిట్ట ఒకటుంది. అరగంట కిందట ఇటువైపు కూడా దాన్నే చూశాను! సిగ్గుపడి 31కి దించాను. అప్పట్నుంచి ఇద్దరం చెరో వాలు పట్టుకుంటున్నాం, ఒకే టైముకి.

వాగు పక్కన ఇంకో తంటా. నీళ్ల హోరులో సన్నటి కూతలు వినబడవు. వాన పడి వాగు పొంగిన ఏడాది పిట్టలు 'తగ్గిపోతాయి', తగ్గింది మన చెవులే అయినా. అందుకే హోరు ఎలా ఉందో కూడా పక్కన రాస్తాను.

అన్నిటికన్నా ఒళ్లు మండేది ఎండాకాలం వచ్చే 'అయ్యో, పిట్టలు మాయం' పోస్టులు. పైన మంచు పడి పురుగులు, పళ్లు దొరకనప్పుడు చాలా పిట్టలు కిందికి దిగుతాయి. వేడెక్కగానే గూళ్లు కట్టుకోవడానికి పైకి పోతాయి. మాయం కాలేదు బాబూ, మేడ మీదికెళ్లాయి! చలికాలాన్ని చలికాలంతోనే పోల్చండి. అదే దారి, అదే టైము, అంతే సేపు.

చూసిన పక్షుల లెక్కలు అందరూ పంపే వెబ్‌సైట్ ఈబర్డ్‌లో జాబితా పంపేముందు, గుర్తుపట్టిన పక్షులన్నీ రాశారా అని ఒక ప్రశ్న ఉంటుంది. కాకుల్ని వదిలేసి 'అవును' నొక్కేవాళ్లను చూస్తే నాకు బీపీ పెరుగుతుంది. అక్కడ అవునంటే, రాయనివి కనబడలేదనే అర్థం. మీ పుణ్యమా అని ఆ లోయలో ఆ రోజు కాకే లేదు.

మా దారిలో నాలుగో మజిలీ దగ్గర లకుముకి పిట్ట గడిలో మూడేళ్లుగా సున్నాయే. ఖాళీగా వదిలేద్దామంటాడు నా జోడీ. ఖాళీ అంటే అసలు చూడలేదని కదా, ఇరవై నిమిషాలు చలిలో నిలబడి చూశాం మరి. ఈసారి చలికి పెన్ను రాయకపోతే చంకలో పెట్టి వేడిచేసి మరీ రాశాను, సున్నా.