వైఫై ఎక్కితే చీర ధర పెరుగుతుంది

మా మామయ్య చీరల షాపు వెబ్‌సైటుని నిన్న కొత్త హోస్టింగ్‌కి మార్చాను. పాత సైటు నిండా సంక్రాంతి బ్యానరే, '50 శాతం తగ్గింపు' అని. తీసేద్దామంటే పాస్‌వర్డ్ అది కట్టిన కుర్రాడి దగ్గరుంది. ఆ కుర్రాడు ఫోనెత్తడు.

మార్చాక కూడా సంక్రాంతి పోలేదు. కస్టమర్ కేర్ వాళ్లని అడిగితే "24 నుంచి 48 గంటల్లో వ్యాపిస్తుంది సార్" అన్నారు. వ్యాపించడానికి అదేమైనా కలరానా? సైటు పేరు చెబితే అది ఏ కంప్యూటర్‌లో ఉందో అడ్రసు చెప్పేది డీఎన్ఎస్ సర్వర్. సిమ్ కంపెనీ వాళ్లది ఒకసారి కనుక్కున్న అడ్రసు దాచుకుని, టీటీఎల్ అనే గడువు తీరేదాకా మళ్లీ అడగదు, అంతే. మా పాత అడ్రసు రికార్డు గడువు 86,400 సెకన్లు, ఒక రోజు. ఆ అడ్రసు కోసం ఏ సర్వర్‌ని అడగాలో చెప్పే డాట్ కామ్ రికార్డుకైతే 1,72,800, రెండు రోజులు. ఈ ముక్క చెప్పకుండా "బ్రౌజర్ క్యాష్ క్లియర్ చేయండి" అని మూడు స్మైలీలు పంపారు.

మామయ్య పోరు పడలేక షాపు వైఫైని గూగుల్ వాళ్ల డీఎన్ఎస్ సర్వర్ 8.8.8.8కి తిప్పి, వాళ్ల పేజీలోనే పాత అడ్రసు తుడిపించాను. మామయ్య ఫోన్‌లో కొత్త సైటు వచ్చేసింది. నాకు టీ కూడా వచ్చింది.

ఈలోగా ఒక పెద్దావిడ కోడలితో వచ్చి, వెంకటగిరి చీర ఎంచి, ఫోన్ చూపించారు. సగం ధర! మామయ్య తన ఫోన్ చూపించారు. తగ్గింపు 10 శాతమే. రెండు ఫోన్లూ బల్ల మీద పక్కపక్కన పెట్టారు. కోడలు సైటు పేరు అక్షరం అక్షరం చదివింది, మామయ్య వేలు పెట్టి సరిచూశారు. చీరలు మడతపెట్టే అబ్బాయి కూడా పని మానేసి వచ్చి ఒక చుక్క తేడా ఉందేమోనని వంగి చూశాడు. లేదు. ఆపైన అందరూ నావైపు తిరిగారు.

"అమ్మా, మీది సిమ్ డేటా. వాళ్ల సర్వర్ ఇంకా పాత అడ్రసే చెబుతోంది. ఒక్కసారి మా వైఫై ఎక్కండి, అసలు ధర కనిపిస్తుంది" అన్నాను.

ఆవిడ ఫోన్ చీర కింద దాచేశారు. "అంటే మీ వైఫై ఎక్కితే ధర పెరుగుతుందన్నమాట!"

"పెరగడం కాదమ్మా, టీటీఎల్..."

"ఎవరాయన? పిలవండి, మాట్లాడతాను."

మామయ్య నావైపు చూసిన చూపుకి గడువు సెకన్లలో లేదు. చీర సగం ధరకే ప్యాక్ చేయించారు. తేడా నా ఖాతాలో రాయమన్నారు. కోడలు అప్పటికే గుమ్మంలో ఫోన్‌లో చెబుతోంది: "అక్కా, తొందరగా రా. డేటా ఆన్‌లోనే ఉంచుకో. లోపల వైఫై ఇస్తామంటారు, చచ్చినా తీసుకోకు."