కొత్త కంప్యూటర్‌కి ఓఎస్ ఏదైతే బాగుంటుంది? ముందు మీ చెత్త ఎక్సెల్ ఫైలు తెరవండి

పనికోసం కొత్త కంప్యూటర్ కొంటున్నా, ఏ ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) తీసుకోను అని ఎవరైనా అడిగితే చాలు, విండోస్ వాళ్ళు, మాక్ వాళ్ళు, లినక్స్ వాళ్ళు (వీళ్ళు అందరికంటే ముందు వస్తారు) కొట్టుకోవడం మొదలెడతారు. "అసలు నువ్వు రోజూ చేసే పనేంటి?" అని ఒక్కరూ అడగరు. బ్రౌజర్, మెయిల్, వీడియో కాల్, పీడీఎఫ్ ఎక్కడైనా నడుస్తాయి. వాటి కోసం వాదించుకోవడం దండగ. మీ పనిలో ఒక మొండి ప్రోగ్రాం ఉంటుంది చూడండి, వేరే ఎక్కడా నడవనని కూర్చునేది. ఓఎస్‌ని తేల్చేది అదే.

ఎక్కువమందికి ఆ మొండిఘటం ఎక్సెల్. "మాక్‌లోనూ ఎక్సెల్ ఉందిగా" అంటారు. ఉంది, కాకపోతే అందులో పవర్ పివట్ (పెద్ద డేటా పట్టికలను కలిపి విశ్లేషించేది) లేదు. షీటు మీద యాక్టివ్‌ఎక్స్ (విండోస్‌కే పరిమితమైన పద్ధతి) బటన్లు పెట్టుకుని ఉంటే అవి అక్కడ పనిచెయ్యవు. మాక్రోలో (ఎక్సెల్‌లో పనులు దానంతటదే చేసే చిన్న ప్రోగ్రాం) సీ డ్రైవ్‌లోని ఫోల్డర్ పేరు నేరుగా రాసేసి ఉంటే ఆ లైను దగ్గరే ఆగిపోతుంది, ఎందుకంటే మాక్‌లో సీ డ్రైవ్ అనేదే ఉండదు. ఉచితంగా దొరికే లిబ్రె ఆఫీస్ సంగతికొస్తే మామూలు షీట్లు చక్కగా తెరుస్తుంది. వీబీఏ (ఎక్సెల్ మాక్రోలు రాసే భాష) మాక్రోలు మాత్రం కొన్ని నడుస్తాయి, కొన్ని నడవవు. ఏవి నడవవో నొక్కి చూస్తేగానీ తెలీదు. అందుకే మీ దగ్గరున్న అన్నిటికంటే గజిబిజి ఫైలు పట్టుకెళ్ళి, కొనబోయే ఓఎస్ మీద తెరవండి. ప్రతి బటనూ నొక్కండి, డేటా రిఫ్రెష్ చెయ్యండి, ప్రింట్ ప్రివ్యూ చూడండి. పది నిమిషాల పని.

రెండోది డ్రైవర్లు, అంటే ప్రింటర్, స్కానర్ లాంటివాటిని ఓఎస్‌తో మాట్లాడించే చిన్న ప్రోగ్రాములు. దీన్ని ఎవరూ పట్టించుకోరు, కొంప మునిగేది ఇక్కడే. ఆపిల్ సొంత చిప్ ఉన్న మాక్‌లలో బూట్ క్యాంప్ (మాక్‌లో నేరుగా విండోస్ వేసుకునే సదుపాయం) లేదు. వర్చువల్ మెషీన్‌లో (మాక్ లోపలే నడిచే ఉత్తుత్తి కంప్యూటర్) విండోస్ వేసుకోవచ్చు కానీ అది ఆర్మ్ విండోస్, అంటే ఇంటెల్ కాని వేరే రకం చిప్‌కి చేసినది. పాత ఇంటెల్ ప్రోగ్రాములను ఎమ్యులేషన్‌తో (ఇంటెల్ చిప్‌ని అనుకరించి) చాలావరకు లాక్కొస్తుంది. డ్రైవర్లకు మాత్రం ఎమ్యులేషన్ లేదు. పాత స్కానర్, లేబుల్ ప్రింటర్, డిజిటల్ సంతకం యూఎస్‌బీ టోకెన్ లాంటి వాటికి ఆర్మ్ డ్రైవర్ ఉంటేనే కదులుతాయి. ఆర్మ్ చిప్‌తో వచ్చే విండోస్ ల్యాప్‌టాప్‌లదీ ఇదే కథ. డబ్బా మీద విండోస్ అని ఉంది కదా అని కొనెయ్యకండి, ప్రాసెసర్ ఏదో చూడండి.

మాక్ కొనేవాళ్ళు ఇంకో రెండు చూసుకోవాలి. ర్యామ్ తర్వాత పెంచలేరు, కాబట్టి కొనేటప్పుడే తేల్చుకోవాలి. సెకండ్ హ్యాండ్‌లో మామూలు (ప్రో, మ్యాక్స్ కాని) ఎం1, ఎం2 చిప్ ల్యాప్‌టాప్‌లు తీసుకుంటే అధికారికంగా బయటి మానిటర్ ఒక్కటే. మామూలు ఎం4 నుంచి మూత తెరిచే రెండు పెట్టుకోవచ్చు.

విండోస్ అయితే 11 తప్ప వేరే మాట లేదు. 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. పాత మెషీన్ అయితే విండోస్ 11 అడిగే భద్రతా చిప్ టీపీఎం 2.0 ఉందో లేదో ముందే చూసుకోండి. విండోస్ హోమ్ ఎడిషనా, ప్రో ఎడిషనా అంటే, బయటి నుంచి రిమోట్ డెస్క్‌టాప్‌తో ఈ కంప్యూటర్‌లోకి రావాలన్నా, ఆఫీసు డొమైన్‌లో (ఆఫీసు కంప్యూటర్లన్నిటినీ ఒకచోటి నుంచి నడిపే నెట్‌వర్క్) కలపాలన్నా ప్రో కావాల్సిందే. ఇంకో సంగతి, కొత్త ల్యాప్‌టాప్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలా వాటిలో డిస్క్ దానంతటదే ఎన్‌క్రిప్ట్ అయిపోతుంది (కీ లేకుండా ఎవరూ చదవలేని విధంగా మారిపోతుంది). తర్వాతెప్పుడో మదర్‌బోర్డు మారిస్తేనో, సెక్యూర్ బూట్ (నమ్మదగని సాఫ్ట్‌వేర్‌తో కంప్యూటర్ లేవకుండా ఆపే సెట్టింగ్) కదిలిస్తేనో నీలం తెర మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ మొదట లాగిన్ అయిన అకౌంట్‌లో ఉంటుంది. ఆ అకౌంట్ పని మానేసి వెళ్ళిపోయిన ఉద్యోగిది అయితే అంతే సంగతులు. కొన్న రోజే కీ ప్రింట్ తీసి, ల్యాప్‌టాప్ బ్యాగులో కాకుండా వేరే చోట పెట్టండి.

లినక్స్ ఉచితమే, పరీక్షించుకోవడం కూడా ఉచితమే, అయినా పరీక్షించకుండా వేసేవాళ్ళే ఎక్కువ. 8 జీబీ పెన్ డ్రైవ్ చాలు. లినక్స్‌ని అందులో వేసి, లైవ్‌లో (ఇన్‌స్టాల్ చెయ్యకుండా పెన్ డ్రైవ్ నుంచే) బూట్ చేసి వైఫై, మైకు, బయటి మానిటర్, వేలిముద్ర చూడండి. తర్వాత మూత మూసి పది నిమిషాలాగి తెరవండి. తెర నల్లగానే ఉండిపోతే ఆ ల్యాప్‌టాప్ రోజూ అదే చేస్తుందని అనుకోండి. ఇన్‌స్టాలర్‌లో అసలు డిస్కే కనపడకపోతే బయోస్‌లో (ఓఎస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెర) స్టోరేజ్ ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ మోడ్‌లో (డిస్కును నడిపే ఇంటెల్ సొంత పద్ధతి) ఉందేమో చూడండి. చటుక్కున ఏహెచ్‌సీఐకి (అందరూ వాడే మామూలు పద్ధతి) మార్చారో, ఉన్న విండోస్ బూట్ కాదు. ముందు విండోస్‌ని సేఫ్ మోడ్‌లో లేచేలా పెట్టి, అప్పుడు మార్చాలి.

ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డు ఉంటే ఇంకో తిరకాసు. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే లినక్స్‌లో దాని డ్రైవర్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్ కాగానే నీలం తెర వచ్చి పది సెకన్లే ఆగుతుంది. అప్పుడే ఏదో ఒక కీ నొక్కి, "ఎన్‌రోల్ ఎంఓకే" (ఆ డ్రైవర్‌ని నమ్మమని కంప్యూటర్‌కి చెప్పేది) ఎంచుకుని, ఆ పాస్‌వర్డ్ కొట్టాలి. టీకి లేచి వెళ్ళారా, డ్రైవర్ లోడ్ కాదు, ఇక తెర మసకగా ఉందని లినక్స్‌ని తిట్టుకోవడమే. పని మెషీన్ మీద లినక్స్ రకాల్లో ఉబుంటు ఎల్‌టీఎస్ (ఎక్కువకాలం సపోర్ట్ ఉండే వెర్షన్) వేసుకోండి. 24.04కి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. ఇంకో లినక్స్ రకం ఫెడోరా మంచిదే, కానీ ఒక్కో వెర్షన్‌కి దాదాపు 13 నెలలే ఆయుష్షు.

"రెండూ వేసుకుంటే పోలా?" అనేవాళ్ళకి: పని మెషీన్ మీద డ్యుయల్ బూట్ (ఒకే మెషీన్‌లో విండోస్, లినక్స్ రెండూ వేసి లేచేటప్పుడు ఎంచుకోవడం) వద్దు. విండోస్ హార్డ్‌వేర్ గడియారాన్ని స్థానిక సమయం అనుకుంటుంది, లినక్స్ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అనుకుంటుంది, మారినప్పుడల్లా టైము తప్పుతుంది. విండోస్‌ని త్వరగా లేపే ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే విండోస్ పూర్తిగా ఆగదు, దాని డ్రైవ్ మీద లినక్స్‌లో రాయలేరు. కోడ్ రాసేవాళ్ళకి విండోస్‌లోనే డబ్ల్యూఎస్ఎల్ 2 (విండోస్ లోపలే లినక్స్ నడిపేది) ఉంది. ప్రాజెక్టు ఫోల్డర్ మాత్రం లినక్స్ వైపే పెట్టండి, సీ డ్రైవ్‌లో ఉంచితే నత్తనడక. డబ్ల్యూఎస్ఎల్ 2 మామూలుగా సగం ర్యామ్ దాకా తీసుకోగలదు కాబట్టి 32 జీబీ ఉంటే నయం.

ఏది కొన్నా, పాత కంప్యూటర్‌ని వెంటనే ఫార్మాట్ చెయ్యకండి. ఒక నెలాఖరు లెక్కలు కొత్తదాంట్లో మొదటి నుంచి చివరిదాకా చేసి చూడండి. మీరు రాసుకున్న లిస్టులో లేని ప్రోగ్రాం, ఏడాదికి ఒక్కసారి తెరిచేది, బయటపడేది అప్పుడే.