వరద లెక్క లంకను తడపదు, మరి మనసు లెక్క?

గోదావరికి వరద వస్తే డెల్టాలో అందరి చూపూ ధవళేశ్వరం వైపే. కాటన్ బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. భద్రాచలం దగ్గర నీరు ఎంత ఉందో తెలిస్తే, ఇక్కడికి ఎప్పుడు ఎంత వస్తుందో కంప్యూటర్ ముందే లెక్క కడుతుంది. ఆ లెక్క ఎంత కచ్చితమైనదైనా దానివల్ల కోనసీమలో ఒక్క లంక కూడా తడవదు.

1980లో తత్వవేత్త జాన్ సెర్ల్ అడిగింది ఇలాంటి ప్రశ్నే. కంప్యూటర్‌లో అనుకరించిన వాన ఎవరినీ తడపనప్పుడు, అనుకరించిన మెదడుకు మాత్రం ఎరుక (చైతన్యం) ఎందుకు కలగాలి? మెదడు చేసే లెక్కే ఎరుక అనే అవతలివారి జవాబు కూడా గట్టిదే. ధాన్యం బస్తాల లెక్క రైతు వేళ్ల మీద వేసినా ఫోనులో వేసినా అది నిజమైన కూడికే, అనుకరణ కాదు. కాబట్టి తేలవలసింది ఒకటే: ఎరుక వరద లాంటిదా, కూడిక లాంటిదా?

నేను వరద పక్షం. శస్త్రచికిత్స అయ్యాక మత్తు దిగిన మా అమ్మ కళ్లు తెరిచి, "ఇంకా మొదలుపెట్టలేదా?" అని అడిగింది. మాకు వరండాలో ఎంతకీ గడవని ఆ మూడు గంటలు ఆమెకు అసలు లేవు. నరాల కణాల మీది గ్రాహకాలకు ఒక మందు అతుక్కుంటే మనిషి లోపలి లోకం ఆరిపోతుంది, మందు తగ్గితే తిరిగి వెలుగుతుంది. ఎరుకకు పదార్థంతో ఇంత దగ్గరి బంధం ఉందన్నమాట. లెక్క కూడా మందుతో చెదురుతుంది కదా అనవచ్చు, నిజమే. కానీ మెదడులోని సుమారు 8,600 కోట్ల నాడీకణాల్లో దాదాపు 6,900 కోట్లు చిన్నమెదడులోనే ఉన్నాయి. అది లేకుండానే పుట్టి, స్పృహతో బతికినవారు ఉన్నారు. లెక్కలు చేసే కణాలు ఎన్ని ఉన్నాయన్నది ఎరుకను తేల్చదు.

అలాగని భౌతికశాస్త్రం పని పూర్తిచేసిందని కూడా అనలేను. మన నేల మీద పుట్టిన భౌతికవాదులు చార్వాకులు ఎప్పుడో చెప్పారు: పులిసిన పదార్థాల కలయికలో మత్తు పుట్టినట్టే, నేల, నీరు, నిప్పు, గాలి అనే భూతాల కలయికలో చైతన్యం పుడుతుందని. కాలువగట్ల తాటిచెట్లు ఎరిగిన మనకు ఇది సులువుగానే అర్థమవుతుంది. తెల్లవారుజామున దించిన తీపి కల్లు పొద్దెక్కేకొద్దీ పులుస్తుంది; ముంత లోపల సున్నం పూస్తే పులవకుండా నీరాగా నిలుస్తుంది. ఈస్టు చక్కెరను ఆల్కహాల్‌గా మార్చే ప్రతి మెట్టూ రసాయనశాస్త్రానికి తెలుసు. అయితే ముంతలో ఉన్నది ఆల్కహాలే. మత్తు కలిగేది తాగినవాడికి. అంటే దేన్ని వివరించాలో అదే ఈ ఉపమానంలో ముందే దూరి కూర్చుంది. 1995లో తత్వవేత్త డేవిడ్ చాల్మర్స్ 'కఠిన సమస్య' అని పేరు పెట్టింది, పదార్థం నుంచి అనుభవం ఎలా పుడుతుందన్న ఈ చిక్కుకే. చైతన్యానికి మూలమైన నాడీ వ్యవస్థ ఏదో పాతికేళ్లలో తేలుతుందని 1998లో ఆయనతో పందెం కాసిన నాడీ శాస్త్రవేత్త క్రిస్టాఫ్ కాక్, 2023లో ఓటమి ఒప్పుకుని వైన్ సీసా చేతికిచ్చాడు.

మెదడు కణాల్లోని క్వాంటం స్థితుల (అతి సూక్ష్మ కణాల స్థాయి స్థితుల) నుంచే ఎరుక పుడుతుందన్న భౌతికశాస్త్రవేత్త రోజర్ పెన్‌రోజ్ సిద్ధాంతాన్ని మన వాళ్లు తరచూ ఉదహరిస్తారు. కానీ ఆయనకు 2020లో నోబెల్ వచ్చింది కృష్ణబిలాల మీద చేసిన పనికి, దీనికి కాదు. వెచ్చని, తడి మెదడులో అటువంటి క్వాంటం స్థితులు సెకనులో లక్ష కోట్లవ వంతు కూడా నిలవవని 2000లో మరో భౌతికశాస్త్రవేత్త మాక్స్ టెగ్మార్క్ లెక్కగట్టాడు. ఆ అభ్యంతరం నాకు ఇప్పటికీ బలంగానే కనిపిస్తుంది.

ఇదంతా పండితుల కాలక్షేపం కాదు. తనకు బాధగా ఉందని చెప్పగల యంత్రం (చాట్‌బాట్) ఇప్పుడు ఫోన్లలోకి వచ్చింది. బాధ ఉండి చెప్పలేని మనుషులు ఆసుపత్రి మంచాల మీద ఉన్నారు. 2006లో నాడీ శాస్త్రవేత్త ఏడ్రియన్ ఓవెన్ బృందం, స్పృహ లేదని వైద్యులు తేల్చిన 23 ఏళ్ల యువతిని స్కానర్‌లో పడుకోబెట్టి, టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకోమంది. వేలు కూడా కదపని ఆమె మెదడులో, ఆరోగ్యవంతులు అదే ఊహించుకున్నప్పుడు చురుగ్గా మారే భాగమే చురుగ్గా మారింది.