సరస్సుల నగరంలో ఈతకు చోటేదీ?

హైదరాబాద్‌లో ట్రయథ్లాన్‌కు, అంటే ఈత, సైకిల్, పరుగు వరుసగా సాగే పోటీకి, సిద్ధమవుతున్న వారిని దేనికి ఎక్కువ భయపడతారని అడిగితే, చాలామంది నోట వచ్చే జవాబు ఈతే. లెక్క చూస్తే ఇది వింతగా కనిపిస్తుంది. హాఫ్ ఐరన్‌మ్యాన్‌గా పిలిచే ట్రయథ్లాన్‌లో 1.9 కిలోమీటర్లు ఈదాలి, 90 కిలోమీటర్లు సైకిల్ తొక్కాలి, 21.1 కిలోమీటర్లు పరుగెత్తాలి. మొత్తం 113 కిలోమీటర్లలో ఈత వాటా రెండు శాతం కూడా లేదు. అయినా ఆ కొద్ది దూరమే నెలల తరబడి నిద్ర పట్టనివ్వదు. ఆ భయంలో అర్థముంది.

మన దగ్గర ఈ క్రీడలోకి వచ్చేవారిలో ఎక్కువ మంది మొదట పరుగు అలవాటు చేసుకున్నవారే. ఉద్యోగం, ఇల్లు, పిల్లల చదువులు కాస్త కుదుటపడ్డాక నలభైకి అటూ ఇటూ వయసులో కేబీఆర్ పార్కు చుట్టూ నడక మొదలుపెడతారు. తర్వాత హైదరాబాద్ మారథాన్‌లో పరుగెత్తుతారు, సైకిల్ కొంటారు. ఈత చిట్టచివరన నేర్చుకుంటారు. పల్లెల్లో పెరిగిన పాత తరం వారు నడుముకు బెండు కట్టుకుని వ్యవసాయ బావుల్లో దూకి నేర్చుకున్నారు. నగరంలో పెరిగిన వారికి ఆ అవకాశం లేదు. వారికి తెలిసినదల్లా కాలనీ కొలనులోని నీలిరంగు నీళ్లు, అడుగున గీసిన నల్లటి గీత, పాతిక మీటర్లకోసారి చేతికందే గోడ.

పోటీ రోజున ఆ మూడూ ఉండవు. గోవాలో మిరామార్ తీరాన ఐరన్‌మ్యాన్ 70.3 పేరుతో జరిగే హాఫ్ ఐరన్‌మ్యాన్‌కు మన నగరం నుంచి వెళ్లేవారిలో చాలామంది సముద్రంలో ఈదడం అదే తొలిసారి. తల ముంచితే ఇసుక కలిసిన మసక నీళ్లు తప్ప ఏమీ కనిపించవు. నాలుగైదు బారలకోసారి తల పైకెత్తి, దూరాన తేలుతున్న బోయాను (దారి గుర్తుగా నీటిపై ఉంచే బుడ్డను) వెతుక్కుని దారి సరిచేసుకోవాలి. సరిగ్గా అప్పుడే అల వచ్చి నోట్లో ఉప్పునీళ్లు కొడుతుంది. పక్కవారి మోచెయ్యి చెంపకు తగులుతుంది, వెనుకవారి చెయ్యి పాదం మీద పడుతుంది. ఊపిరి లయ తప్పుతుంది. కొలనులో రెండు కిలోమీటర్లు అవలీలగా ఈదిన మనిషికి ఇక్కడ రెండు వందల మీటర్లకే గుండె దడదడలాడుతుంది. ఇక్కడ లోటు శక్తిలో లేదు, అలవాటులో ఉంది. ఆ అలవాటు చేసుకునే చోటు నగరం వారికి ఇవ్వలేదు.

ఇది పతకాల గొడవ కాదు, ప్రాణాల సంగతి. అమెరికాలో 1985 నుంచి 2016 వరకు ట్రయథ్లాన్లలో జరిగిన మరణాలు, గుండె ఆగిన ఘటనలు 135ను పరిశోధకులు పరిశీలించగా, వాటిలో 90 ఈత దశలోనే జరిగాయి. గుండె పరీక్ష చేయించుకోకుండా, బహిరంగ జలాల్లో ఒక్కసారైనా ఈదకుండా నమోదు చేసుకునే వారిని నిర్వాహకులు ఆపాలని నేను గట్టిగా నమ్ముతాను.

కానీ హైదరాబాద్ వాసి ఎక్కడ ఈదాలి? హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవల పోటీలు జరుగుతాయి కానీ, దశాబ్దాలుగా నాలాల మురుగు చేరిన ఆ నీళ్లలో దిగమని ఎవరూ చెప్పలేరు. 1908 మూసీ వరదల తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ తాగునీటి జలాశయాలు. వాటిని ఈత కోసం తెరవమని నేనూ కోరను. మిగిలిన చెరువుల్లో కొన్ని కబ్జాలకు చిక్కాయి, కొన్ని గుర్రపు డెక్కతో నిండిపోయాయి. ఒక్క చెరువునైనా శుభ్రం చేసి, ఈత గట్లు కట్టి, రక్షక సిబ్బందిని పెట్టి, వారానికి రెండు ఉదయాలు తెరవడం ఇంత పెద్ద నగరానికి అసాధ్యం కాదు. ట్రయథ్లాన్ ఆడేవారి కోసమే అయితే ఇది విలాసమే. ఏటా వేసవి సెలవుల్లో చెరువుల్లో, క్వారీ గుంతల్లో మునిగి చనిపోతున్న పిల్లల వార్తలు చదువుతున్నాం కదా. ఆ పిల్లలకూ ఇదే కావాలి.

రోడ్డు విషయంలో కొంత నయం. అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో సౌర పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ దారి వచ్చింది. ఎండలో, లారీల మధ్య తొక్కే బాధ కొందరికైనా తప్పింది. అదే ఏడాది జులైలో బండ్లగూడలో ఉదయపు నడకకు వెళ్లిన తల్లీకూతుళ్లు కారు ఢీకొని చనిపోయారన్నదీ మరువరాదు. అయినా సైకిల్‌కు ఒక దారి అంటూ వేశారు. నీటి దగ్గర ఆ మొదటి అడుగే పడలేదు.

చెరువు తెరుచుకునే దాకా వెళ్లేవారు వెళ్తూనే ఉంటారు. వారికి ఒక్క మాట. పోటీకి ఒకటి రెండు రోజుల ముందే తీరం చేరుకుని, తోడు ఉన్నప్పుడే సముద్రంలో దిగి చూడండి. ఊపిరి అందకపోతే వెల్లకిలా తిరిగి చెయ్యి పైకెత్తండి. సహాయక పడవ అంచు పట్టుకుని సేద తీరినా పోటీ నుంచి తప్పించరు, దాని సాయంతో ముందుకు కదలకుంటే చాలు. మొదటిసారి వెళ్లేవారిలో ఈ నిబంధన తెలియనివారు ఎందరో ఉన్నారు. శిక్షకులు దీన్ని మొదటి రోజే చెప్పాలి.